వారానికి ఒక సాయంత్రం



గుమాస్తాను గనుక లెక్కతోనే మొదలెడతాను. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి చట్టం ప్రకారం అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. పలాసలో జీడిపప్పు వ్యాపారీ, టెక్కలిలో చిన్న ఇల్లున్నవాడూ కట్టేదే. కాబట్టి శాఖా గ్రంథాలయం మనకెవరో పెట్టిన ధర్మం కాదు.

అయితే సెస్సు పుస్తకం కొంటుంది గాని, సాయంత్రం తలుపు తీసి కూర్చోదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగిననాటికి ఈ చట్టం లేదు. గ్రంథాలయాలను ఊరివాళ్ళే నడిపారు. శ్రీకాకుళంలో కారా మాస్టారు కథానిలయం తెరిచింది 1997లో, ఆయన డెబ్బయ్యో పడి దాటాకే. మన వయసు అడ్డని చెప్పకండి!

గది, పుస్తకాలు, పద్దు సంస్థవి. సాయంత్రం రెండు గంటలు కూర్చోవడం మన సంఘానిది. తాళంచెవి ఎవరిదగ్గర, పుస్తకం పోతే జవాబుదారీ ఎవరు అన్నవి కాగితం మీద ఉండాలి. నోటిమాట ఆఫీసరు బదిలీతోనే పోతుంది. ముందు పలాస, టెక్కలి. కుదిరితే ఉద్దానం ఊళ్ళకు పుస్తకాల పెట్టె.

ఒప్పుకున్నవారు కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించండి. నాకు మంగళవారం.