పాత క్రీడాప్రాంగణములు – క్రొత్త కట్టడములు



“క్రొత్త యొక వింత, పాత యొక రోత” అని మన పెద్దల సామెత. దీనిని బట్టలకును, పాత్రలకును అన్వయించుకొనుట మనకు అలవాటు. గడచిన ముప్పది యేండ్లుగా పెక్కు దేశములలో ఇది వేలకొలది జనము కూర్చుండు స్టేడియములకును వర్తించుచున్నది. ఒకనాడు జాతికే గర్వకారణమైన ప్రాంగణములను కూలద్రోసి, వాని స్థానమున క్రొత్తవానిని నిర్మించుచున్నారు. ఇందు లాభమెంత, నష్టమెంత, వ్యయమును తుదకు భరించువారెవరు అను విషయమును నేడు మీతో ముచ్చటింపదలచితిని. నేను క్రీడాకారుడను గాను, ఇంజనీరును గాను. ఫైళ్లపై నోట్లు వ్రాయుట నా వృత్తి. కావున దీనిని కూడ ఒక ఫైలును పరిశీలించినట్లే, ఉభయ పక్షములను చూచి చెప్పుటకు యత్నింతును.

మొదట పాతవానిని మార్చవలసిన అవసరమును చెప్పవలెను. ఆ అవసరము పలుమారులు ప్రాణములతో ముడిపడి యున్నది. 1985 మే నెలలో ఇంగ్లండునందలి బ్రాడ్‌ఫర్డ్ పట్టణమున పుట్‌బాల్ ఆట జరుగుచుండగా, కొయ్యతో కట్టిన పాత గ్యాలరీ క్రింద ఏండ్ల తరబడి పేరుకొన్న చెత్తకు నిప్పంటుకొని 56 మంది మరణించిరి. నాలుగేండ్లకు, 1989 ఏప్రిలులో, షెఫీల్డు నగరపు హిల్స్‌బరో మైదానమున, నిలుచుండి చూచు భాగములలో జనసమ్మర్దమునకు నలిగి 97 మంది ప్రాణములు కోల్పోయిరి. పిదప న్యాయమూర్తి టేలర్ 1990లో సమర్పించిన నివేదిక ననుసరించి, పెద్ద మైదానములలో ప్రతి ప్రేక్షకునకును ఆసనముండవలెనను నియమము ఏర్పడెను. బ్రెజిల్ దేశపు సుప్రసిద్ధ మరకానా స్టేడియమునందును 1992లో గ్యాలరీ కంచె విరిగిపడి ముగ్గురు మరణించిరి. పాతదనముపై మనకెంత మమకారమున్నను, పిల్లలను వెంటబెట్టుకొని ఆట చూడవచ్చిన తండ్రి క్షేమముగా ఇంటికి చేరుట అంతకంటె ముఖ్యము. ఇందు వాదమునకు తావు లేదు.

రెండవది సౌకర్యము. లండనునందలి వెంబ్లీ స్టేడియము 1923లో ప్రారంభమైనది. జంట గోపురములు దాని గుర్తు. మన భారతీయులకు ఆ స్థలముతో ప్రత్యేకమైన అనుబంధమొకటి కలదు. 1948 ఆగస్టు 12వ తేదీన, మనకు స్వాతంత్ర్యము వచ్చి సంవత్సరము నిండుటకు మూడు దినములు ముందు, మన హాకీ జట్టు ఆ మైదానముననే బ్రిటన్ జట్టును 4–0 గోలులతో ఓడించి ఒలింపిక్ స్వర్ణపతకమును గెలిచినది. స్వతంత్ర భారతమునకు అదియే మొదటి ఒలింపిక్ స్వర్ణము. అట్టి కట్టడమును 2000 సంవత్సరమున మూసివేసి, పిదప జంట గోపురములతో సహా పడగొట్టిరి. 2006 కప్పు ఫైనలు నాటికి సిద్ధము కావలసిన క్రొత్త స్టేడియము 2007కు గాని పూర్తి కాలేదు. ఖర్చు దాదాపు 80 కోట్ల పౌనులైనది. “ఇల్లు కట్టి చూడు” అను మన మాట ఆంగ్లేయులకును చెల్లినది!

అయినను దాని గుణములు దానికి గలవు. పాత వెంబ్లీలో స్తంభములు అడ్డమై ఆట సరిగా కనబడని చోట్లుండెడివి. క్రొత్తదానిలో 133 మీటర్ల యెత్తున నిలిచిన మహాతోరణము పైకప్పు బరువులో అధికభాగమును మోయుటచే ఆ అడ్డు తొలగినది. 90,000 మందికి ఆసనములు, 2,618 మరుగుదొడ్లు అమర్చిరి. ఈ చివరి సంఖ్య విని నవ్వుకొనువారుండవచ్చును గాని, కుటుంబముతో ఆటకు వెళ్లిన స్త్రీలెవరును నవ్వరు.

ఇక మూడవ విషయము, మా వంటి సచివాలయోద్యోగులు తప్పక గమనింపదగినది, టోకియో ఉదంతము. ఆ నగరపు జాతీయ స్టేడియమును 1958లో కట్టిరి. ఆ యేట ఆసియా క్రీడలలో మన మిల్ఖాసింగు 200, 400 మీటర్ల పరుగులు రెంటియందును స్వర్ణము గెలిచినది అచటనే. 1964 ఒలింపిక్ క్రీడలకు ప్రధాన రంగస్థలమును అదియే. రెండవ పర్యాయము ఒలింపిక్ క్రీడలు లభింపగా దానిని 2015లో కూల్చివేసిరి. కూల్చిన పిమ్మట, ఆ యేడు జులై నెలలో, జహా హదీద్ అను ప్రసిద్ధ శిల్పి రచించిన క్రొత్త నమూనా వ్యయము 25,200 కోట్ల యెన్లకు చేరినదని ప్రభుత్వము దానిని రద్దుచేసినది. పాతది లేదు, క్రొత్తదానికి నమూనా లేదు! 2019 ప్రపంచ రగ్బీ పోటీల ఫైనలును యోకొహామాకు తరలింపవలసి వచ్చినది. తుదకు కెంగో కుమా నమూనా ప్రకారము, సుమారు 15,700 కోట్ల యెన్లతో, 2019 నవంబరునాటికి క్రొత్త ప్రాంగణము ముగిసినది. జపానునందలి 47 మండలముల నుండియు తెచ్చిన కలపను దాని చూరులకు వాడిరి. చూచుటకు అందమైనదే. కాని దానికై సమీపమునందలి ప్రభుత్వ గృహవసతిని తొలగించిరి. అచటివారిలో 1964 క్రీడలకై ఒకమారు ఇల్లు విడిచి, మరల ఈ క్రీడలకై వృద్ధాప్యమున రెండవమారు విడిచినవారును ఉండిరి. ప్రభుత్వ గృహములలో కాపురముండి, బదిలీ వచ్చినప్పుడెల్ల సామాను కట్టుకొనుట యెరిగిన మనకు ఆ బాధ వివరింపనక్కరలేదు. అయితే మనకు బదిలీ ఉత్తరువు వెంట వేరొక నివాసముపై ఆశయైనను ఉండును. డెబ్బదవ పడిలో ఇరుగుపొరుగును కోల్పోయినవారికి ఆ ఇరుగుపొరుగును తిరిగి ఎవరు కట్టి యియ్యగలరు?

మరియొక విచిత్రము. 68,000 మందికై కట్టిన ఆ ప్రాంగణమున, మహమ్మారి కారణమున ఒక సంవత్సరము వాయిదాపడిన ఒలింపిక్ క్రీడలు 2021లో ప్రేక్షకులు లేకయే జరిగెను. ఆగస్టు 7వ తేదీన మన నీరజ్ చోప్రా బల్లెమును 87.58 మీటర్ల దూరము విసరి స్వర్ణము గెలిచినప్పుడు చుట్టును ఖాళీ ఆసనములే. అంతకు సరిగా ఏబది దినములు ముందు మిల్ఖాసింగు కన్నుమూసియుండెను. నీరజ్ తన పతకమును ఆయనకే అంకితము చేసెను. గోడలు మారినను, స్థలమునకు జ్ఞాపకముండునని దీనివలన తెలియుచున్నది. ఆ జ్ఞాపకమును మోయునది కాంక్రీటు కాదు, మనుష్యులు.

నాల్గవ విషయము ఋణము. అమెరికాయందలి సియాటిల్ నగరమున కింగ్‌డోమ్ అను స్టేడియమును 1976లో తెరచిరి. ఇరువది నాలుగేండ్లకే, 2000 మార్చిలో, ప్రేలుడు పదార్థములతో దానిని నేలమట్టము చేసిరి. కాని దానిపై చేసిన అప్పు 2015 వరకును తీరలేదు. అనగా లేని కట్టడమునకు పదునైదేండ్లు బాకీ చెల్లించిరి. కెనడాయందలి మాంట్రియల్ నగరము 1976 ఒలింపిక్ స్టేడియము అప్పును 2006కు గాని తీర్చుకొనలేకపోయినది. ఎద్దు చచ్చిన పిమ్మటను ఎద్దు అప్పు తీర్చు రైతు స్థితి ఎట్టిదో మన పల్లెలలో ఎరుగనివారు లేరు.

అప్పుకంటెను సూక్ష్మమైన నష్టము ఇంకొకటి కలదు. మరకానాలో 1950 జులై 16న బ్రెజిల్, ఉరుగ్వే జట్ల ఆటను దాదాపు రెండు లక్షల మంది చూచిరి. మైదానపు అంచున నిలుచుండి స్వల్పమైన రుసుముతో చూచు భాగమొకటి పేదవారికుండెడిది. దానిని 2005లో తీసివేసిరి. 2014 ప్రపంచకప్పుకై పునర్నిర్మించిన పిమ్మట అచటి ఆసనములు సుమారు 78,000 మాత్రమే. భద్రత పెరిగినది. కాని అగ్గువ టిక్కెట్టు పోయినది. భద్రతయను మంచి పనిని సాకుగా గొని పేదవానిని వెలుపల నిలుపుట న్యాయము కాదు. రెండును సాధింపవలెను.

మరి పాతదానిని కూల్చుటకంటె వేరు మార్గము లేదా? కలదు. లండనులో ఆర్సెనల్ జట్టు 2006లో హైబరీ మైదానమును వీడి క్రొత్త స్టేడియమునకు తరలినప్పుడు, పాతదాని తూర్పు గ్యాలరీ ముఖభాగమును నిలిపి, గ్యాలరీలను నివాసగృహములుగా మార్చి, ఆటస్థలమును తోటగా చేసిరి. మ్యూనిక్ నగరమున 2005లో పుట్‌బాలు క్రొత్త ప్రాంగణమునకు తరలినను, 1972 ఒలింపిక్ స్టేడియమును దాని ఉద్యానముతో పాటు కాపాడుకొనుచున్నారు.

మన దేశమున రెండు మార్గములును కనబడుచున్నవి. అహమ్మదాబాదునందలి మొతేరా స్టేడియమున 1983లో కపిల్‌దేవ్ ఒక ఇన్నింగ్సులో తొమ్మిది వికెట్లు తీసెను. 1987లో గవాస్కర్ టెస్టులలో పదివేల పరుగులు పూర్తి చేసెను. నలుబదేండ్లైనను నిండక ముందే దానిని తొలగించి, 1,32,000 మందికి సరిపోవు ప్రాంగణమును 2020లో తెరచిరి. 2021 నుండి అది నరేంద్ర మోదీ స్టేడియమను పేర వెలయుచున్నది. ఇక మన హైదరాబాదున ఫతే మైదానములో 1955 నవంబరున న్యూజీలండుపై ఉమ్రీగర్ 223 పరుగులు చేసి, టెస్టులలో ద్విశతకము సాధించిన మొదటి భారతీయుడయ్యెను. అదియే పిదప లాల్‌బహదూర్ స్టేడియమైనది. 2010లో ఉప్పల్ స్టేడియమున మొదటి టెస్టు జరిగినప్పుడును ప్రత్యర్థి న్యూజీలండే! పెద్ద ఆటలు ఉప్పలునకు తరలినను పాతది కూలలేదు. ఆటలకును సభలకును ఉపయోగపడుచునే యున్నది. ఢిల్లీలో ఇండియా గేటు చెంత 1951లో మొదటి ఆసియా క్రీడలు జరిగిన నేషనల్ స్టేడియమును ధ్యాన్‌చంద్ పేర, క్రొత్త రూపుతో, అదే స్థలమున 2010 హాకీ పోటీలకు సిద్ధపరచిరి.

కావున నా మనవి యిది. పాతదానిని కూల్చవద్దనుట నా అభిప్రాయము కాదు. ప్రాణాపాయమున్నచో కూల్చుటయే ధర్మము. కాని మరమ్మతు ఖర్చును నిజాయితీగా లెక్కకట్టకయే “శిథిలమైనది” అని ఫైలుపై వ్రాయుట సులభము. ఆ యొక్క మాటకు రాబోవు తరము ముప్పదేండ్లు వడ్డీ చెల్లింపవచ్చును. పాత అప్పు తీరినదా, క్రొత్త నమూనా స్థిరపడినదా, ఇల్లు కోల్పోవువారికి దారి చూపితిమా, అల్పాదాయుని కుటుంబమునకు ఆసనముండునా, పోటీలు లేని దినములలో బడిపిల్లలు అందు పరుగెత్తగలరా, ఈ ప్రశ్నలకు సమాధానము లేనిదే సంతకము పెట్టరాదు. ఆ ఫైలు నేడో రేపో మనలో ఎవరి బల్లపైకైనను రావచ్చును. ఇన్నూరు రోజులలో ఒక దినము జరుగు మహోత్సవమునకై కాక, మిగిలిన దినములలో తలుపు తట్టు బాలునికై కట్టినదే నిజమైన క్రీడాప్రాంగణము.