మత్తుమందు ఆవిరి - మన ఊపిరి

(భద్రాచలంలో ఆసుపత్రి ఉద్యోగినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏజెన్సీలో కాలుష్యం అనగానే మణుగూరు గనుల దుమ్ము, పాల్వంచ థర్మల్ పొగ గుర్తొస్తాయి. అవి కంటికి కనిపిస్తాయి. ఆపరేషన్ థియేటర్లో కనిపించని ఆవిరి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

మత్తుకు వాడే హాలోథేన్, ఐసోఫ్లురేన్, సెవోఫ్లురేన్ మూడూ ఫ్లోరిన్ కలిసిన మందులే. (నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ వేరు, ఇది వేరు.) రోగి పీల్చిన ఆవిరిలో ఎక్కువ భాగం మళ్లీ గాలిలోకే వస్తుంది. రోగి ఆ గదిలో ఉండేది గంటో రెండు గంటలో. నర్సు, నేల తుడిచే ఆయా ఉండేది ఏళ్ల తరబడి.

1967లో సోవియట్ దేశంలో మత్తు ఇచ్చే మహిళా డాక్టర్ల 31 గర్భాల్లో 18 పోయాయని ఒక అధ్యయనం చెప్పింది. వాళ్లు ఈథర్ కూడా వాడేవారు. గాలి బాగా మారే గదుల్లో తర్వాత జరిగిన పరిశీలనల్లో అంత ప్రమాదం కనబడలేదు. అందుకని భయం లేదంటారు కొందరు. గాలి మారితేనే భయం లేదని నేనంటాను. ఈ ఆవిరి పది లక్షల పాళ్ల గాలిలో రెండు పాళ్లు మించరాదని 1977లో అమెరికా నియోష్ సంస్థ సూచించింది. అంత కొద్ది మోతాదు ముక్కుకు తెలియదు. వాసన తగిలిందంటే హద్దు ఎప్పుడో దాటినట్టే.

వాడిన గాలిని గొట్టంతో బయటికి పంపడం మొదటి మార్గం. అది లేనిచోట ఉత్తేజిత బొగ్గు డబ్బా పెట్టవచ్చు. ఇది మన పొయ్యి బొగ్గు కాదు. కొబ్బరి చిప్పల బొగ్గు వంటి దాన్ని బాగా వేడిచేసి, నీటి ఆవిరి పంపితే లోపల కోట్ల సన్నని రంధ్రాలు పడతాయి. ఒక్క గ్రాము లోపలి గోడలన్నీ పరిస్తే దాదాపు పది కుంటల నేల! మత్తు ఆవిరి ఆ గోడలకు అంటుకుపోతుంది. నైట్రస్ ఆక్సైడ్‌ను మాత్రం ఇది పట్టలేదు. డబ్బా నిండాక ఇక పట్టుకోదు. వేడి తగిలితే పట్టినదాన్నీ వదిలేస్తుంది. నిండిందో లేదో బరువు తూచి తెలుసుకోవాలి.

ఇక చట్టం సంగతి. గర్భానికి హాని చేసే పని చెప్పరాదని 1961 ప్రసూతి ప్రయోజన చట్టం అన్నది, 2020 కోడ్ కూడా అన్నది. కానీ అది నెలలు నిండే రోజులకే, అదీ మనం అడిగితేనే. గర్భం పోయే ముప్పు ఎక్కువగా మొదటి నెలల్లో కదా! కనుక గర్భం తెలిసిన రోజు నుంచే, జీతం కోత లేకుండా వేరే వార్డు అడగాలి. కాంట్రాక్టు ఆయాలకూ అడగాలి, వాళ్లను వదిలి మన ఒక్కరికే కాదు.

రేపు డ్యూటీకి వెళ్లగానే మత్తు యంత్రం గొట్టం చివర ఎక్కడుందో చూడండి. గదిలోనే ఉంటే ఆ మాట రాసి, సంతకాలు పెట్టి సూపరింటెండెంటుకు ఇవ్వండి. డబ్బా ఉంటే కొత్తప్పటి బరువు దానిమీదే రాయించండి.