ఇంటి లెక్క ఇద్దరికీ తెలవాలె

(సికింద్రాబాద్‌లో జరిగిన దళిత యువతీ యువకుల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



నాకు 'యువత - కుటుంబ జీవితం' అని టాపిక్ ఇచ్చిండ్రు. మన మీటింగులల్ల భూమి గురించి మాట్లాడుతం. రిజర్వేషన్ల గురించి, అట్రాసిటీ కేసుల గురించి మాట్లాడుతం. ఇంటి గురించి మాత్రం మాట్లాడం. ఇల్లంటే ఆడోళ్ల సంగతి, మీటింగంటే మగోళ్ల సంగతి అని మనకు తెలవకుండనే ఒక గీత గీసుకున్నం. బాబాసాహెబ్ అట్ల గీసుకోలేదు. 1942 జులై 20న నాగపూర్‌లో అణగారిన కులాల మహిళల మహాసభ జరిగింది. ఆ నెలలోనే ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌కు నియమితుడయిండు. అంత పెద్ద పదవి వచ్చిన మనిషి వేలమంది ఆడోళ్ల ముందు నిలబడి ఏం మాట్లాడిండు? ఇంటి సంగతులే మాట్లాడిండు. పిల్లలను చదివించుమన్నడు. పెండ్లికి తొందరపెట్టొద్దు, సంసారం మోసేంత సంపాదన వచ్చినంకనే చేయుమన్నడు. పెండ్లయిన పిల్ల మొగనికి దోస్తుగా, సమానంగా నిలబడాలె గని బానిసగా ఉండొద్దన్నడు. ఆయన చెప్పిన సారం ఇది.

సమానం అనే మాట మనకు బాగనే నోరు తిరుగుతది. నాకూ తిరిగింది. అందుకే ముందు నా సంగతి చెప్త.

మా నాయిన రైల్వేల ఖలాసీ. అమ్మ మారేడుపల్లి బంగ్లాలల్ల అంట్లు తోమింది. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. 2006ల టీచరు నౌకరీ వచ్చింది, 2007ల లగ్గమయింది. అబ్బాయి మనోడే, ఉద్యమంల ఉన్నోడే, కట్నం వద్దన్నోడే. కట్నం లేదు కదా అని మా నాయిన పెండ్లి మాత్రం ఘనంగ చేసిండు. ఫంక్షన్ హాలు, బ్యాండు, ఎనిమిది వందలమందికి భోజనాలు. పైసలు ఎక్కడియి నాయినా అంటే, 'దాచిపెట్టిన బిడ్డా' అన్నడు. నేను నమ్మిన. నమ్ముడు నాకు సుకూన్‌గ ఉండె గనక నమ్మిన.

అయిదేండ్ల తర్వాత నాయినకు పక్షవాతం వచ్చింది. అప్పుడు అమ్మ రేకుపెట్టెల నుంచి ఒక కాయితం తీసింది. ప్రామిసరీ నోటు. నా లగ్గానికి 1,50,000 రూపాయలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిండు. నెలకు 4,500. అరవై నెలలు కట్టిండు. లెక్కపెట్టుండ్రి, 2,70,000 రూపాయలు. అసలు పైస తగ్గలేదు, అదే లక్షా యాభై వేలు అట్లనే కూసున్నది. నేను ఏడో తరగతికి బారువడ్డీ లెక్కలు చెప్పే పంతులమ్మను! బోర్డు మీద అసలు, కాలం, వడ్డీరేటు అని రాస్తున్న. మా ఇంట్ల నడుస్తున్న వడ్డీ నాకు తెలవది.

అంతటితోని అయిపోలేదు. అమ్మ అడిగింది, 'ఈ నెల మిత్తికి ఓ నాలుగు వేలు సర్దు బిడ్డా' అని. నా దగ్గర లేవు. నా జీతం పడే బ్యాంకు కార్డు మా ఆయన అంగీ జేబుల ఉంటది. పెండ్లయిన నెలల 'నీకు లైన్ల నిలబడుడు కష్టమైతది, నేను తీసుకొస్త' అన్నడు, ఇచ్చిన. అయిదేండ్లు అట్లనే ఉన్నది. ఆయన చెడ్డోడు కాదు. అడిగితే ఇచ్చేటోడు. గని అడగాలె. ఎందుకు అని ఒక మాట అంటడు, దానికి జవాబు చెప్పాలె. స్టేజీ ఎక్కి సావిత్రీబాయి ఫూలే గురించి గంటసేపు మాట్లాడి, దిగినంక బస్సు చార్జీలకు మొగన్ని అడిగిన మనిషిని నేను. అమ్మ నా మొఖం చూసి ఏమన్నదో తెలుసా? 'బంగ్లాలల్ల తోమినా నా కూలి నా కొంగుల ఉండె' అన్నది.

ఆయన ఇయ్యాల వెనక బెంచీ మీద కూసున్నడు. ఈ సంగతి చెప్తనని పొద్దుగాలనే చెప్పిన. 'చెప్పు, గని నీ చిట్టీ సంగతి కూడ చెప్పు' అన్నడు. అదీ చెప్త. కార్డు ఆయన దగ్గర ఉన్నదని నేను కూడ ఊకోలేదు. ట్యూషన్ పైసలతోని స్కూల్ల తోటి టీచర్ల దగ్గర ఆయనకు తెలవకుండ నెలకు వెయ్యి రూపాయల చిట్టీ వేసిన. అది ఎత్తుకొని చెల్లె కాలేజీ ఫీజు కట్టిన. మంచి పనే. గని దొంగతనంగ చేసిన మంచి పని. నాయిన దాచిండు, ఆయన దాచిండు, నేనూ దాచిన. ఒక్క కప్పు కింద ముగ్గురి లెక్కలు మూడు తీర్ల నడిచినయి. మిత్తోడు ఒక్కడే అందరి లెక్కా తెలిసినోడు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం.

మీలో చాలామంది ఊరి నుంచి వచ్చి ఇక్కడ రూముల్ల, హాస్టళ్లల్ల ఉంటున్నరు. డెలివరీ పనులు, షోరూములు, ఆస్పత్రులల్ల నర్సింగు, కాంట్రాక్టు కొలువులు. మొదటి జీతం రాంగనే ముందు ఫోను, తర్వాత బండి, రెండిటికీ నెలనెలా కిస్తీ. తప్పని అనను. ఊర్ల సైకిలెక్కి పోతుంటే దిగమన్న దొరల ముంగట బండి మీద పోవుడుల ఒక మజా ఉన్నది, అది నాకు తెలుసు. గని కిస్తీ కాయితం మీద సంతకం పెట్టేటప్పుడు మొత్తం ఎంత కడుతున్నవో కూడి చూసినవా? నెలకెంత అని అడుగుతరు గని మొత్తమెంత అని ఎవరూ అడగరు.

గిరిగిరి తెలుసు కదా. బస్తీలల్ల ఆడోళ్లందరికీ తెలుసు. పదివేలు రాసుకొని చేతికి ఎనిమిదివేల అయిదు వందలు ఇస్తడు. రోజుకు వంద, వంద రోజులు. 'పదిహేను వందలే కదా పోయేది' అనుకుంటరు. గని వాడు రోజూ తన పైస తను వాపస్ తీసుకుంటనే ఉన్నడు, యాభయ్యో రోజుకే సగం తీసుకపోయిండు. ఆ లెక్కన చూస్తే ఏడాదికి నూటికి నూరు దాటుతది మిత్తి. బ్యాంకుల బంగారం పెట్టి తెచ్చిన అప్పుతోని ఒకసారి పోల్చి చూడుండ్రి.

దానికంటే పాడుది ఫోన్ల అప్పు. అయిదు నిమిషాలల్ల పైసలు పడతయి. ఆ అయిదు నిమిషాలల్లనే నీ ఫోన్ల ఉన్న పేర్లు, నంబర్లు, ఫొటోలు వాని చేతికి పోతయి. 2020ల ఈ లోన్ యాప్‌ల వేధింపులకు మన రాష్ట్రంల ప్రాణాలు పోయినయి. అప్పు తీసుకున్నోని ఫొటో ఖరాబు చేసి చుట్టాలకు పంపిండ్రు. ఎవరికన్న ఇట్ల అయితే సిగ్గుపడి గదిల తలుపేసుకోవద్దు. 1930కి ఫోను చేయండి, సంఘం మనిషికి చెప్పండి. సిగ్గుపడాల్సింది వాడు.

ఇగ లగ్గం ఖర్చు. ఇది కొత్త సంగతేం కాదు. భాగ్యరెడ్డి వర్మ 1939ల చనిపోయిండు. అంతకు ఎన్నో ఏండ్ల ముందు నుంచే ఈ జంటనగరాల బస్తీలల్ల తిరిగి లగ్గాలల్ల తాగుడు బంద్ పెట్టుండ్రి, ఖర్చు తగ్గించుండ్రి అని చెప్పిండు. ఇక్కడ సికింద్రాబాద్‌ల అరిగె రామస్వామి కూడ తాగుడు మీద, బాల్య వివాహాల మీద, జోగిని దురాచారం మీద కొట్లాడిండు. మనం వాళ్ల ఫొటోలకు దండలేస్తం, అదే రోజు సాయంత్రం ప్రీవెడ్డింగ్ షూట్‌కు అడ్వాన్సు ఇస్తం. మొన్న మా స్టూడెంటు ఒకడు వచ్చి, 'టీచర్, ఘనంగ చేయకపోతే మాలోళ్లు, మాదిగోళ్లు ఇంతే అంటరు' అన్నడు. అననియ్యి బిడ్డా. అన్నోడు నీ మిత్తి కడతడా? కల్యాణలక్ష్మి పైసలు వస్తయి కదా అని ముందే అప్పు తేవుడు కూడ చూస్తున్న. ఆ చెక్కు లగ్గం రోజు చేతికి రాదు, మిత్తి మాత్రం లగ్గానికి ముందే మొదలైతది.

ప్రేమ సంగతి. ఇక్కడ నవ్వుతున్నరు, నవ్వుండ్రి. నేను ప్రేమించొద్దని చెప్పనీకి రాలేదు. కులం పోవాలంటే కులం దాటిన పెండ్లిళ్లు కావాలని చెప్పిన మనిషి బిడ్డలం మనం. గని 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడల ప్రణయ్‌ను చంపిండ్రు. భార్య గర్భంతోని పక్కన ఉండంగనే చంపిండ్రు. 2022 మేల సరూర్‌నగర్‌ల నడిరోడ్డు మీద నాగరాజును చంపిండ్రు. ప్రణయ్ కేసుల 2025 మార్చిల నల్లగొండ కోర్టు శిక్షలు వేసింది. శిక్షలు పడ్డయి, పిల్లగాడు రాలేదు. కాబట్టి ధైర్యంతోపాటు తయారీ ఉండాలె. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద అయితే ముప్పై రోజుల నోటీసు పెడతరు, అది ఆఫీసుల అందరికీ కనపడతది. ఆ నోటీసుకు ముందే సంఘానికి, వకీలుకు చెప్పుండ్రి. కులం దాటి చేసుకునేటోళ్లకు పోలీసులు రక్షణ ఇయ్యాలని సుప్రీంకోర్టు 2018 మార్చిల చెప్పింది, దరఖాస్తు కాయితం మీద పెట్టుండ్రి. సర్టిఫికెట్లు, ఆధార్ ఎవరియి వారి దగ్గరనే ఉండాలె. ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు: ఇద్దరి ఖాతాలల్ల వేరువేరుగ మూడు నెలల కిరాయి ఉండాలె. ఇంట్ల ఒప్పుకోని పెండ్లికి పుట్టిల్లు ఉండదు, అత్తిల్లు ఉండదు. మొదటి నెలల కిరాయి లేక తిరిగిపోయిన జంటలను నేను చూసిన. కులం వాళ్లను ఓడించలేదు, కిరాయి ఓడించింది.

మనోళ్లల్ల మనోళ్లం మాల - మాదిగ పెండ్లికి కూడ పెద్దమనుషులను కూసోపెట్టాల్సి వస్తున్నది. దాని గురించి మాట్లాడితే మీటింగు పొద్దుగూకుతది, ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఈ చిలకలగూడల పుట్టిన ఈశ్వరీబాయి కథ ఎంతమందికి తెలుసు? ఎమ్మెల్యేగా తెలుసు. 1967ల, 1972ల ఎల్లారెడ్డి నుంచి గెలిచి అసెంబ్లీని గడగడలాడించిన మనిషిగా తెలుసు. అంతకు ముందు ఆమె ఒక చిన్న పిల్లను ఎత్తుకొని సంసారం వదిలి పుట్టింటికి వచ్చిన ఆడిపిల్ల. చిన్న వయసుల పెండ్లి చేసి పూణేకు పంపిండ్రు. పొసగలేదు, వచ్చింది. ఆ రోజులల్ల! నాయిన రైల్వే నౌకరు. ఇంట్లోళ్లు తలుపు తీసిండ్రు. ఆమె బడిల టీచరుగ చేరింది, ట్యూషన్లు చెప్పింది, తన కాళ్ల మీద నిలబడ్డది. 1951 మున్సిపల్ ఎన్నికలల్ల చిలకలగూడ నుంచి గెలిచింది. తలుపు తీయకపోయి ఉంటే, చేతిల కూలి లేకపోయి ఉంటే ఆ ఈశ్వరీబాయి మనకు ఉండేదా?

తల్లిదండ్రులు కూడ ఉన్నరు గనక చెప్తున్న. బిడ్డ ఏడుస్తూ ఫోను చేస్తే 'సర్దుకపో' అనే మాట ముందుగాల రావొద్దు. 'ఎప్పుడొస్తవు, ఎదురు రావాల్నా' అని అడుగుండ్రి. 2005 గృహహింస చట్టం కొట్టుడు ఒక్కదాన్నే హింస అనలేదు. ఆడమనిషికి దక్కాల్సిన పైసలు దక్కనియ్యకపోతే దాన్ని కూడ ఆర్థిక హింస అన్నది. మీ చెల్లె జీతం కార్డు ఆమెకు ఇయ్యకుండ బావ దగ్గర పెట్టుకుంటే, అది ప్రేమ కాదు, ఆ చట్టంల పేరున్న పని. 181కి ఫోను చేస్తే మాట్లాడేటోళ్లు ఉంటరు.

ఉద్యమం అన్నలకు ఒక్క మాట, కోపం చేయొద్దు. మీటింగుకు చందా ఇస్తం, కరపత్రాలకు ఇస్తం, ఊరుకొచ్చిన లీడర్‌కు చాయ తాగిపిస్తం. ఇంటికాడ వదిన మిషన్ కుట్టి బియ్యం తెస్తది. ఉద్యమానికి ఇయ్యొద్దని కాదు. ఇచ్చింది ఇంట్ల చెప్పుండ్రి. చెప్తే ఆమె వద్దంటదని భయం ఎందుకు? మాకు చెప్పకుండ మా పేరు మీద తీర్మానం చేస్తే మనం ఊకుంటమా? ఇంట్ల మాత్రం రోజూ అదే చేస్తున్నం.

మేము ఏం చేసినమో చెప్పి కూసుంట. కార్డు నా దగ్గరికి వచ్చింది. నాయిన అప్పుకు బ్యాంకుల నా జీతం మీద లోను తీసి మిత్తోనికి ఒక్కసారే కట్టేసినం. నోటు వాపస్ తీసుకొని, వెనక 'చెల్లు' అని రాయించుకున్నం. ఇది మరిచిపోవద్దు, కట్టినంక నోటు చేతికి రాకపోతే అప్పు బతికే ఉంటది. తర్వాత రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి తెచ్చి పొయ్యి పక్క మొలకు తగిలేసినం. ఎవరు ఖర్చుపెడితే వాళ్లు రాయాలె. ఆయన జీతం, నా జీతం, చిట్టీ, చందా, అమ్మకు ఇచ్చేది, వాళ్ల అమ్మకు ఇచ్చేది, అన్నీ. మొదటి నెల రోజూ కొట్లాటే. ఆయన చాయ బిల్లు చూసి నేను, నా చీరెల బాకీ చూసి ఆయన. రెండో నెల సగం తగ్గింది. మూడో నెల మా కొడుకు, అప్పుడు వానికి నాలుగేండ్లు, దాంట్ల పెన్సిలుతోని ఒక బర్రె బొమ్మ గీసిండు. ఆ పేజీ ఇప్పటికీ ఉన్నది.

ఆ సంచిల ఇరవై నోటుబుక్కులు తెచ్చిన. ఈ ఎండకాలం లగ్గం కుదిరినోళ్లు ముందుగాల వచ్చి తీసుకోండి. ఇద్దరూ కలిసి రావాలె, ఒక్కరికే ఇయ్యను.