టెస్టర్ వెలిగింది, బ్లోయర్ తిరగలేదు!

మన బి.కొత్తకోట నుంచే మాట్లాడుతున్నా. ఈ రోజు టాపిక్ కారు లోపలి ఫ్యాన్, అదే బ్లోయర్. అది ఆగిపోతే ఏమవుతుంది, కాస్త చెమట పడుతుంది అంతే కదా అని నేనూ అనుకునేవాణ్ణి.

పోయిన చలికాలం అమ్మానాయనలతో హార్స్‌లీ హిల్స్ పోయినాం. మా పెద్దోళ్ళు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు, 4,000 అడుగుల పైనే ఎత్తు. దిగేటప్పుడు మంచు, సన్నగా తుంపర. మలుపుల మధ్యలో బ్లోయర్ ఆగిపోయింది. కాసేపట్లోనే ముందు అద్దం లోపలంతా ఆవిరి పట్టేసింది. ఎదురుగా బస్సు హారన్ వినిపిస్తోంది, బస్సు మాత్రం కనపడదు. నాయన కిటికీలు దించి తువ్వాలతో అద్దం తుడుస్తా ఉంటే, నేను ఫస్ట్ గేర్‌లో మెల్లగా దించినాను. వెనక సీట్లో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే కారు మాకు ముందే చెప్పింది. నెల నుంచి 1, 2, 3 స్పీడ్‌లు పని చేయడం లేదు, 4 మాత్రమే తిరిగేది. మామూలు నాబ్ ఉన్న కారులో ఇది దాదాపుగా రెసిస్టర్ పోయిన లక్షణం. తక్కువ స్పీడ్‌లలో కరెంటు రెసిస్టర్ గుండా పోతుంది, ఫుల్ స్పీడ్‌లో దాన్ని దాటేసి నేరుగా పోతుంది. రెసిస్టర్‌ని గాలి దారిలోనే పెడతారు, ఆ గాలికే అది చల్లబడాలి. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే గాలి తగ్గి, రెసిస్టర్ వేడెక్కి కాలిపోతుంది. ఆటోమేటిక్ ఏసీ కార్లలో దీని బదులు ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది, వాటి లెక్క వేరు.

సరే, ఇంటికొచ్చాక మల్టీమీటర్ తీసినా. బీటెక్ కదా! ఫ్యూజు బాగానే ఉంది. డ్యాష్‌బోర్డు కింద మోటారు ప్లగ్ ఊడదీసి, నాబ్ 4లో పెట్టి చూస్తే 12.3 వోల్టులు. కరెంటు వస్తోంది, మోటారు తిరగలేదు, కాబట్టి మోటారే పోయింది అని తేల్చేసినా. మదనపల్లెకు పోయి 2,000 పైన పెట్టి కొత్త మోటారు తెచ్చి బిగించినా. అదీ తిరగలేదు!

నాయన అరుగు మీద కూర్చుని అంతా చూస్తా ఉన్నాడు. "టెస్టర్ వెలుగుతుంది, మోటారు తిరగదంటే యాడో లూజు ఉన్నట్టే కదరా. మన బోరు కాడ చూడలేదా నువ్వు?" అన్నాడు.

అంతే ఫ్రెండ్స్, నా తప్పు అదే. ప్లగ్ ఊడదీస్తే లోడ్ ఉండదు, కరెంటు పారదు. అప్పుడు ఒక్క పోగు అంటుకుని ఉన్నా మీటర్ 12 చూపిస్తుంది. ప్లగ్ పెట్టే ఉంచి, వెనక వైపు నుంచి ప్రోబ్ ఆనించి కొలవాలి. అట్ల కొలిస్తే ప్లస్ వైరుకీ బాడీకీ మధ్య 12 ఉంది. మైనస్ వైరుకీ బాడీకీ మధ్య దాదాపు సున్నా రావాలి కదా, 10 వచ్చింది! అంటే మోటారుకి మిగిలింది రెండే వోల్టులు, మిగతాదంతా ఎర్త్ దారిలో ఎక్కడో పోతోంది. ఆ వైరు పట్టుకుని పోతే నాబ్ వెనక కనెక్టర్‌లో ఎర్త్ పిన్ను కాలి, ప్లాస్టిక్ కరిగి నల్లగా ఉంది.

అది ఎందుకు కరిగిందో తెలిస్తే భయమేసింది. ఫ్యూజు బాక్స్ మూత మీద 20 ఆంపియర్లు అని ఉంది, అంటే పసుపు ఫ్యూజు. మా కారులో ఉన్నది ఆకుపచ్చది, 30. పాత మోటారు విప్పితే చక్రంలో ఎండుటాకులు ఇరుక్కున్నాయి. బరువుగా తిరిగి ఎక్కువ కరెంటు లాగినప్పుడల్లా 20 ఫ్యూజు తన పని తాను చేసి పోయింది. విసుగొచ్చి ఎవరో 30 పెట్టేసినారు. ఇంక ఫ్యూజు కాలదు, దాని బదులు వైరు కాలుతుంది. కొండ మీద ఆగిపోయింది కాబట్టి సరిపోయింది, మంట అంటుకుని ఉంటే?

బ్యాటరీ మైనస్ తీసేసి కనెక్టర్ మార్చినా, కొత్త రెసిస్టర్, 20 ఫ్యూజు వేసినా. ఒక్క మాట, డ్యాష్‌బోర్డు కింద పసుపు రంగు కనెక్టర్లు కనపడితే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. పాత మోటారు శుభ్రం చేసి పెడితే గిర్రున తిరిగింది. కొత్తది అలమారలో ఉంది, కొన్న షాపులో వాపసు తీసుకోమన్నారు.

ఇప్పుడు నాలుగు స్పీడ్‌లూ వస్తున్నాయి. నాయన మాత్రం ఆ తువ్వాల ఇంకా డ్యాష్‌బోర్డు మీదే పెట్టుకుంటాడు.