పెరట్లో తీపి మొక్కజొన్న

(మన సంఘ సభ్యుల కార్తీక వనభోజనాల సందర్భంగా ఎత్తిపోతల వద్ద చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలు కాగానే ప్రసంగమంటే ఎవరికైనా నిద్ర వస్తుంది. పైగా ఎదురుగా చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతూ చప్పుడు చేస్తోంది. దానితో పోటీ పడే గొంతు నాకు లేదు. గాన క్లుప్తంగా, ఫైలుకు నోటు పెట్టినట్లు, వరుసగా మనవి చేస్తాను.

మన పల్నాటికీ జొన్నకూ ఉన్న బంధం పాతది. శ్రీనాథ కవి సార్వభౌముడు ఇటు వచ్చి జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని చాటుపద్యాల వల్ల ప్రసిద్ధి. ఆయన కాలానికి మొక్కజొన్న మన దేశానికి రాలేదు. అది అమెరికా ఖండాల పంట. సముద్రాలు దాటి ఇక్కడికి చేరాక మనవాళ్ళు దానికీ జొన్న పేరే పెట్టుకున్నారు. అందులో ఒక జాతి ఈ తీపి మొక్కజొన్న. పిల్లలు స్వీట్‌కార్న్ అంటారు.

మామూలు మొక్కజొన్నలో గింజ ముదిరేకొద్దీ చక్కెర పిండిగా మారిపోతుంది. తీపి రకంలో ఆ మార్పు సరిగా జరగదు. పుట్టుకతో వచ్చిన గుణమది. అందుకే గింజ తియ్యగా ఉంటుంది. అందుకే ఎండిన విత్తనం ముడతలు పడి, పిండి తక్కువై, బలహీనంగా ఉంటుంది. మొలిచేదాకా దాన్ని కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. హైదరాబాదు మొక్కజొన్న పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన మాధురి, ప్రియ అనే రకాలు ఉన్నాయి. కంపెనీల హైబ్రిడ్లూ ఉన్నాయి. హైబ్రిడ్ పొత్తు నుంచి గింజ దాచి మళ్ళీ విత్తితే అదే పంట రాదు. ఏటా కొత్త విత్తనం కొనవలసిందే. రంగు పూసిన విత్తనానికి మందు పట్టించి ఉంటుంది. పిల్లల చేతికి అందనివ్వకండి. మిగిలిన గింజలను ఉడకబెట్టడం, కోళ్ళకు వేయడం చేయవద్దు.

ఇక స్థలం. ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు గల మడి చాలు. రోజంతా ఎండ తగలాలి. వరుసకూ వరుసకూ రెండడుగులు, మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం. నాలుగు వరుసల్లో నలభై మొక్కలు పడతాయి. మొక్కకు ఒక మంచి పొత్తు లెక్కన నలభై పొత్తులు.

మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. గోడవారగా ఒకే వరుస వేశాము, పొత్తులో సగం గింజలే పట్టాయి, ఎరువు తక్కువైందా అని. ఎరువుతో దానికి సంబంధం లేదు. మొక్క తలపై వచ్చేది మగపూత. నడుమ పొత్తు నుంచి వచ్చే పీచు ఆడపూత భాగం. ఒక్కొక్క పీచు పోగు ఒక్కొక్క గింజకు చెందుతుంది. పుప్పొడి ఏ పోగు మీద పడదో ఆ గింజ పట్టదు. ఆ పుప్పొడిని మోసుకొచ్చేది గాలి. ఒకే వరుస వేస్తే పుప్పొడి గాలికి కొట్టుకుపోతుంది. చదరంగా నాలుగు వరుసలు వేస్తే ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి అందుతుంది. గాలి లేని రోజుల్లో ఉదయం పూట మగపూతను మెల్లగా ఊపితే మరీ మంచిది.

ఆ గాలే ఇంకొక చిక్కు కూడా తెస్తుంది. పక్కనే మామూలు మొక్కజొన్న చేను ఉంటే దాని పుప్పొడి వచ్చి పడి, మన గింజల తీపి తగ్గి పిండి పిండిగా అవుతాయి. రెండూ ఒకేసారి పూతకు రాకుండా ఇరవై, ఇరవై అయిదు రోజుల తేడాతో విత్తుకోవాలి.

విత్తే రోజు విషయంలో గుమాస్తా లెక్క చెబుతాను. శీతకాలంలో విత్తిన డెబ్బై అయిదు, ఎనభై రోజులకు పొత్తు చేతికొస్తుంది. సంక్రాంతికి పిల్లలు వచ్చేసరికి కావాలంటే జనవరి 14 నుంచి ఎనభై రోజులు వెనక్కి లెక్కపెట్టండి. అక్టోబరు 26 వస్తుంది. ఈ ఏటికి ఆ తేదీ దాటింది. ఈ వారం విత్తితే కోటప్పకొండ తిరునాళ్ళ రోజులకు అందుకోవచ్చు.

మన నల్లరేగడిలో నీరు నిలిస్తే లేత మొక్క పసుపెక్కుతుంది. బోదె కట్టి, దాని పక్కన అంగుళం లోతున రెండేసి గింజలు వేసి, పది పన్నెండు రోజులకు బలమైనదాన్ని ఉంచి రెండోది తీసేయండి. బాగా చివికిన పశువుల ఎరువు రెండు గంపలు, సూపర్ ఫాస్ఫేటు పావు కిలో ముందే మట్టిలో కలపండి. యూరియా మొత్తం పావు కిలో మించనక్కర లేదు. విత్తేటప్పుడు, మోకాలెత్తున, పూతకు ముందు అని మూడు వాయిదాలు. మన డి.ఏ. బకాయిల వలె కాక, ఈ వాయిదాలు తప్పకుండా సకాలంలో అందాలి! సున్నపు పాళ్ళు ఎక్కువున్న పల్నాటి నేలల్లో జింకు కొరత సాధారణం. లేత ఆకుల మీద తెల్లని చారలు కనబడితే లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లండి. నీటికి పూత వచ్చినప్పుడు, గింజ పాలు పోసుకునేటప్పుడు లోటు రానివ్వకండి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. నా ప్రసంగంలో ఇదొక్కటి గుర్తున్నా నాకు చాలు. 2018లో మన దేశానికి కత్తెర పురుగు వచ్చింది. తల మీద తిరగేసిన ఇంగ్లీషు ‘వై’ గుర్తు, తోక దగ్గర నాలుగు చుక్కలు ఉంటాయి. మొక్క సుడిలో దూరి తింటుంది. దాన్ని చూడగానే ఇంట్లో పత్తికో మిరపకో కొట్టగా మిగిలిన మందు డబ్బా వైపు మన చెయ్యి పోతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. నలభై మొక్కలకు మందు దేనికి? మనకు ఉద్యోగం లేదు, తీరిక ఉంది. రోజూ ఉదయం ఒక్కొక్క మొక్క సుడి చూసి పురుగును ఏరండి. ఆకు మీద గుడ్ల సముదాయం కనబడితే నలిపేయండి. సుడిలో చిటికెడు పొడి ఇసుక వేయండి. యాభై గ్రాముల వేపగింజల పప్పు దంచి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి చల్లండి. ఆ పొత్తును పొట్టు ఒలిచి అక్కడే పచ్చిగా కొరికేది మన మనుమడే. ఆ సంగతి మరవకూడదు.

పీచు వచ్చిన పద్దెనిమిది, ఇరవై రోజులకు, పీచు గోధుమరంగుకు తిరిగి పొట్టు మాత్రం పచ్చగా ఉన్నప్పుడు గింజను గోటితో నొక్కండి. పాలు చిమ్మితే అదను. నీళ్ళు చిమ్మితే ఇంకా లేత, ముద్దలా వస్తే ముదిరినట్లు. రామచిలుకలు, ఉడతలు మనకంటే ముందే ఈ పరీక్ష చేస్తాయి. కనుక పీచు ఎండగానే పొత్తుకు కాగితం సంచి తొడగండి. తెల్లవారుజామున కోసి అప్పుడే ఉడకబెట్టుకోండి. పాతకాలపు తీపి రకాల్లో చక్కెర మన ఎండలకు ఒక్క రోజులోనే సగానికి పడిపోతుంది. కొత్త రకాలు కొంత ఆగుతాయి. ఏదైనా చెట్టు మీది నుంచి నేరుగా గిన్నెలోకి వచ్చిన పొత్తు రుచి బజారులో దొరకదు.

షుగరు ఉన్నవారు సభలో సగం మంది ఉంటారు. మా ఇంట్లో ఇద్దరికీ ఉంది. పచ్చి గింజలు వంద గ్రాముల్లో పిండిపదార్థాలు సుమారు 19 గ్రాములు, అందులో చక్కెర ఆరు గ్రాములు. వంద గ్రాముల అన్నంలో పిండిపదార్థాలు దాదాపు 28 గ్రాములు. అన్నం తిన్నాక పొత్తు తింటే షుగరు పెరుగుతుంది. అన్నం తగ్గించి దాని బదులు ఒక పొత్తు తింటే సరిపోతుంది. మీ డాక్టరుగారిని అడిగి, మీటరులో చూసుకుని నిర్ణయించుకోండి. పళ్ళు లేనివారు గింజలు రుబ్బి జావ కాచుకోవచ్చు. పండగ రోజు గారెలూ వస్తాయి.

పొత్తు బజారులో కొంటే పోలేదా అని అడిగేవారున్నారు. పోయేది డబ్బు సంగతి కాదు. పదవీ విరమణ తరువాత మన కోసం ఎదురుచూసే ఫైలు ఉండదు. మనం వెళ్ళకపోతే ఆగిపోయే పని ఉండదు. ఈ మడి అలా కాదు. ఒక పూట చూడకపోతే పురుగు చేరుతుంది, రెండు పూటలు నీరు పెట్టకపోతే పీచు ఎండుతుంది. మన వయసులో మన మీద ఆధారపడినది ఒకటి ఉండటం ఆరోగ్యానికి మంచిది. నలభై పొత్తులు ఒకేసారి వస్తే ఇద్దరం తినలేము. తప్పనిసరిగా ఇరుగుపొరుగు తలుపు తట్టవలసి వస్తుంది. ఆ పలకరింపు మనలో చాలామందికి పొత్తుకన్నా అవసరం.

స్థలం ఉన్నవారు ఈ వారంలోనే మడి కట్టండి. స్థలం లేనివారు ఉన్నవారి మడిలో పురుగు ఏరడానికి రండి.