ఒకే బాండీ, రెండు గిన్నెలు
(ఎ.కొండూరు మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సంఘం సభ్యురాలు చేసిన ప్రసంగం)

 

నన్ను వంట గురించి మాట్లాడమన్నారు. మొదట నవ్వొచ్చింది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో వంట రానిదెవరు? గోరుచిక్కుడుకాయ వేపుడు ఎట్లా చెయ్యాలో మీకు నేను చెప్పేదేంటి? కానీ మన మండలంలో ఆ వేపుడు ఇప్పుడు ఉత్త వేపుడు కాదు. కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో కూర ఎట్లా వండాలనేది మందు బిళ్ల ఎప్పుడు వేసుకోవాలన్నంత పెద్ద సంగతి. అందుకని ఒప్పుకున్నాను.

మన సంఘాల అప్పు పుస్తకాలు ఒకసారి తిరగెయ్యండి. గేదెకని, కుట్టు మిషనుకని, పిల్లల ఫీజుకని రాసిన పద్దుల మధ్యలో ‘వైద్యం’ అని రాసిన పద్దులు ఎన్నున్నాయో చూడండి. అందులో కిడ్నీ జబ్బుకి తీసుకున్నవెన్నో మీకే తెలుసు. మన తండాల్లో ఈ జబ్బు సంగతి పేపర్ల దాకా, అసెంబ్లీ దాకా వెళ్లింది. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం పేరు ఎట్లా వినపడిందో, ఎన్టీఆర్ జిల్లాలో ఎ.కొండూరు పేరు అట్లా వినపడింది. నీళ్ల కోసం మనం అడగాల్సింది అడుగుతూనే ఉండాలి. అది వదిలెయ్యమని నేను చెప్పట్లేదు. దాంతో పాటు మన పొయ్యి దగ్గర మన చేతిలో ఉన్న పని ఒకటుంది. దాని గురించే చెప్తాను.

మా ఇంటి సంగతే చెప్తాను. మా మామయ్యగారికి కాళ్ల వాపులొచ్చినాయి. రక్త పరీక్ష చేస్తే క్రియాటినిన్ ఎక్కువుందన్నారు. డాక్టరు గారు మందులు రాసి, ఒక కాగితం చేతికిచ్చారు. ఏం తినాలి, ఏం తినకూడదని అందులో ఉంది. ఆ కాగితం నేను మడిచి బియ్యం డబ్బా మీద పెట్టాను. చదవలేదు. చుట్టుపక్కల వాళ్లు చెప్పిందే విన్నాను. ఒకరు మునగాకు రసం కిడ్నీలకి మంచిదన్నారు. ఇంకొకరు కొబ్బరి బోండాం నీళ్లు చలవ చేస్తాయన్నారు. రోజూ ఒక గ్లాసు అదీ, ఒక గ్లాసు ఇదీ ఇచ్చాను. ప్రేమతోనే ఇచ్చానమ్మా. నెల తర్వాత పరీక్షకి వెళ్తే పొటాషియం బాగా పెరిగిందన్నారు. ఇంకా పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉందని చెప్పి, ఆ రోజు ఇంటికి పంపలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. పొటాషియం అనేది విషం కాదు. ఆకుకూరల్లో, కాయగూరల్లో, పండ్లలో ఉండే ఉప్పులాంటి పదార్థమే. మనలాంటి వాళ్లు తింటే ఒంటికి కావల్సినంత ఉంచుకుని, మిగిలింది కిడ్నీలు మూత్రంలో బయటికి పంపేస్తాయి. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి ఆ బయటికి పంపే పని సరిగ్గా జరగదు. లోపలే పేరుకుంటుంది. మునగాకు, తోటకూర, పాలకూర, కొబ్బరి నీళ్లు, అరటిపండు, చింతపండు, వీటిల్లో అది ఎక్కువ. సొరకాయ, బీరకాయల్లో తక్కువ. మనిషికి మంచిదైన మునగాకే మా మామయ్యగారికి చెడు చేసింది.

అక్కడి నుంచి రెండో తప్పు చేశాను. భయం పట్టుకుంది. ఇంట్లో అందరికీ అదే వంట మొదలెట్టాను. ఏ కూరైనా ఉడకబెట్టడం, నీళ్లు పారబోయడం. ఆకుకూరైనా అంతే. ఉప్పు లేదు, కారం లేదు. మా ఆయన పొలం నుంచి వచ్చి కంచం ముందు కూర్చుని మాట్లాడకుండా పచ్చడి జాడీ వైపు చూసేవాడు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. బడికి వెళ్లే దారిలో ఆయాసం వస్తోందంది. చూపిస్తే రక్తం తక్కువుంది. నా గుండె జారిపోయింది. తాతకి మంచి చేద్దామని, మనవరాలి కంచంలోంచి బలం తీసి మోరీలో పోస్తున్నాను.

మన రాష్ట్రంలో 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అంటే ఇక్కడ ఒక్కో వరసలో కూర్చున్న పదిమందిలో ఐదారుగురు. కూర ఉడికిన నీళ్లు పారబోస్తే పొటాషియం ఒక్కటే పోదు. దాంతో పాటు రక్తం పట్టడానికి కావల్సిన ఫోలిక్ యాసిడ్, సి విటమిన్ కూడా పోతాయి. ఒకే ఇంట్లో ఒకరికి పారబొయ్యాలి, ఇంకొకరికి పారబొయ్యకూడదు. ఇదీ మన ఇబ్బంది.

వేరే పొయ్యి పెట్టి ముసలాయనకి విడిగా వండొచ్చు కదా అంటారా? ఒక వారం వండాను. ‘నన్ను వెలేశారా అమ్మా’ అన్నారు మామయ్యగారు. ఇంక ఆ మాట మళ్లీ వినదల్చుకోలేదు. అప్పుడు కాగితం తీసి చదివాను. ఆస్పత్రిలో ఆహారం గురించి చెప్పే మేడం గారి దగ్గర అడిగి అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు ఒకే బాండీలో, ఒకే పోపుతో ఇద్దరికీ చేస్తున్నాను. గోరుచిక్కుడుకాయతో చెప్తాను, మీరు బీన్స్‌కి, చిక్కుడుకాయకి, దొండకాయకి కూడా అట్లాగే చేసుకోవచ్చు.

ఐదుగురికి అరకిలో కాయలు. సంతలో తీసుకునేప్పుడే ఒకటి విరిచి చూడండి. టక్కుమని విరిగితే లేతది. వంగితే ముదిరింది, వదిలెయ్యండి. రెండు చివర్లు గిల్లి, ఈనె తీసి, ముందే బాగా కడగాలి. తర్వాత అర అంగుళం ముక్కలు తరగాలి. మామయ్యగారి వాటా, ఒక చిన్న గుప్పెడు, అప్పుడే పక్కన పెట్టి ఇంకా సన్నగా తరుగుతాను. ముక్క ఎంత సన్నగా ఉంటే పొటాషియం అంత బాగా నీళ్లలోకి దిగుతుంది.

ఒక పొయ్యి మీద గిన్నెలో ఆ గుప్పెడు ముక్కలకి లీటరు నీళ్లు పెట్టండి. నీళ్లు ఎక్కువుండాలి. మూత పెట్టొద్దు. పది నిమిషాలు మరిగాక చిల్లుల గిన్నెలో వంచి ఆ నీళ్లు పారబోయండి. ఇట్లా చేస్తే పొటాషియం కొంత పోతుంది, మొత్తం పోదు. కాబట్టి నీళ్లు పారబోశాం కదా అని గిన్నె నిండా పెట్టకూడదు. కొలత కొలతే.

రెండో పొయ్యి మీద మిగతా ముక్కలు. వీటికి అర గ్లాసు నీళ్లు చల్లి, మూత పెట్టి సన్న సెగ మీద మగ్గనివ్వండి. నీళ్లు ఇంకిపోవాలి, పారబోసే పని లేదు. బలం కూరలోనే ఉంటుంది. మగ్గిన ముక్కల్ని గిన్నెలోకి తీసి, అదే బాండీ మళ్లీ పొయ్యి మీద పెట్టండి.

రెండు చెంచాల నూనె. కాగాక ఆవాలు, జీలకర్ర, అర చెంచా మినప్పప్పు, రెండు ఎండుమిరపకాయలు, కచ్చాపచ్చాగా దంచిన ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఒక రెమ్మ కరివేపాకు. వెల్లుల్లి కొంచెం ఎర్రబడనివ్వండి, మాడనివ్వొద్దు. ఉప్పు లేని కూరకి రుచి తెచ్చేది ఈ వెల్లుల్లే. ముందు మామయ్యగారి ముక్కలు వేసి నాలుగైదు నిమిషాలు వేయించి, చిటికెడు ఉప్పు, కొద్దిగా కారం చల్లి, ఆయన గిన్నెలోకి తీసెయ్యాలి. పైన నాలుగు చుక్కల నిమ్మరసం. పోపు సగం బాండీలోనే ఉంటుంది కదా, మగ్గిన ముక్కలు అందులో వేసి, సరిపడా ఉప్పు, వెల్లుల్లి కారం, ఇష్టమైతే ఎండుకొబ్బరి పొడి వేసి ఇంకో ఐదు నిమిషాలు తిప్పితే మనందరి కూర అయిపోయినట్టే. కొబ్బరి మనకే, ఆయనకి వద్దు. మొత్తం అరగంట పని. అందరం ఒకే బంతిలో కూర్చుంటాం. ఇల్లంతా ఒకటే పోపు వాసన.

ఆకుకూర రోజు కూడా ఇంతే. మా అమ్మాయికి తోటకూర పప్పులో వేసి, నిమ్మకాయ పిండి పెడతాను. నిమ్మరసం ఉంటే ఆకులో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ పట్టదు. అందుకని టీ గంట తర్వాతే. మామయ్యగారికి ఆ రోజు బీరకాయో సొరకాయో.

మనకి పొదుపు సంఘాల్లో పంచసూత్రాలున్నట్టే, జబ్బు మనిషి ఉన్న ఇంటి పొయ్యి దగ్గర కూడా ఐదు మాటలు పెట్టుకుందాం.

ఒకటి. డాక్టరు గారి కాగితం చదవాలి. చదవడం రాకపోతే సంఘం మీటింగుకి తీసుకురండి, చదివి చెప్తాం. కిడ్నీ జబ్బున్న ప్రతి ఒక్కరూ పొటాషియం తగ్గించాల్సిన పని లేదు. రక్త పరీక్షలో ఎక్కువ వచ్చిన వాళ్లకే. ఎవరికి ఎంతో డాక్టరు చెప్పాలి, పక్కింటావిడ కాదు, నేనూ కాదు.

రెండు. ఉప్పు. ఆరోగ్యంగా ఉన్న మనిషికే రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కూరలో తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం, ఎండుచేప పెడితే తగ్గించినట్టు కాదు.

మూడు. కొట్లో ‘తక్కువ సోడియం ఉప్పు’ అని అమ్ముతారు. పేరు చూసి కిడ్నీ రోగికి కొనొద్దు. అందులో సోడియం తగ్గించిన చోట పొటాషియం కలుపుతారు.

నాలుగు. కూలికి వెళ్లొచ్చి ఒళ్లు నొప్పులని మందుల షాపులో నొప్పి బిళ్లలు అడిగి మింగడం మానాలి. డాక్టరు చెప్పకుండా వాడితే అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి. ఇది రోగులకే కాదు, మనకీ.

ఐదు. వండే నీళ్లు కూడా తాగే నీళ్లే అయ్యుండాలి. తాగడానికి డబ్బా నీళ్లు తెచ్చి, పప్పు ఉడకబెట్టేది బోరు నీళ్లతో అయితే ఆ నీళ్లు కడుపులోకే పోతాయి. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఈ సభ ముందు ఒక కోరిక పెడుతున్నాను. ప్రతి గ్రామ సంఘం నెల మీటింగులో పొదుపు, అప్పుల లెక్క అయ్యాక పది నిమిషాలు ఈ సంగతికి కేటాయించాలి. కిడ్నీ జబ్బున్న ఇళ్లల్లో వంట చేసే వాళ్లని, కోడలైనా, భార్యైనా, కొడుకైనా సరే, పిలిచి మాట్లాడించాలి. ఆస్పత్రి నుంచి ఆహారం గురించి చెప్పే వాళ్లని మూడు నెలలకోసారి పిలిపించమని సమాఖ్య తీర్మానం రాయాలి. వాళ్లు తండాకి వచ్చిన రోజు మన గోర్‌బోలీలో చెప్పే మనిషిని పక్కన ఉంచాలి. అర్థంకాని భాషలో చెప్పిన జాగ్రత్త, నేను బియ్యం డబ్బా మీద పెట్టిన కాగితంతో సమానం.

నేను డాక్టర్ని కాదు. పదో తరగతి కూడా దాటలేదు. తెలియక తాతకీ, మనవరాలికీ ఇద్దరికీ కష్టం తెచ్చినదాన్ని. మా అమ్మాయికి మాత్రలు, ఆకుకూరలతో రక్తం పెరుగుతోంది. మామయ్యగారికి పొటాషియం పోయిన రెండు పరీక్షల్లోనూ అదుపులో ఉంది. జబ్బు నయమైందని కాదు, మందులు నడుస్తూనే ఉన్నాయి. మీలో ఎవరింట్లోనైనా ఇప్పుడు కొబ్బరి బోండాం కొట్టి పెట్టి ఉంటే, ఇంటికెళ్లగానే ముందు రిపోర్టు చూడండి. ఆ ఒక్క పని చేసినా నేను ఇంతసేపు మాట్లాడినందుకు ఫలితం ఉన్నట్టే.