ఎండ అందరిదీ, కాగితం ఎవరి పేర?

(మూసారాంబాగ్‌లో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పల్లెల్లో సౌరవిద్యుత్తు ఎందుకు వేళ్ళూనడం లేదని అడిగితే అధికారుల నోట, స్వచ్ఛంద సంస్థల నివేదికల్లో మనకు తరచూ వినిపించే జవాబు ఒకటే. ప్రజల్లో అవగాహన లేదు, ఆడవాళ్ళలో అసలే లేదు అంటారు. ఈ జవాబుతో నాకు పేచీ వుంది. వడ్లు, మిరపకాయలు, వడియాలు, పిడకలు ఎండబెట్టుకునే స్త్రీకి ఎండ విలువ ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. ఆమెకు అడ్డం వస్తున్నది అవగాహన లేకపోవడం కాదు, ఆస్తి లేకపోవడం. సౌరవిద్యుత్ పథకం ఏదైనా ముందుగా ఒక కాగితం అడుగుతుంది. ఇంటి కాగితమో, భూమి పట్టానో, కరెంటు బిల్లో. ఆ కాగితం మీద ఎక్కువ ఇళ్ళలో ఆమె పేరు వుండదు.

మొదట వంటింటి నుంచి చూద్దాం. 1980లలో ప్రభుత్వం పెట్టె ఆకారపు సోలార్ కుక్కర్లను సబ్సిడీపై ఇచ్చి ప్రచారం చేసింది. అవి పల్లెల్లో నిలబడలేదు. కారణం చాలా సులభం. ఆ కుక్కరు మధ్యాహ్నపు ఎండలో రెండు మూడు గంటలు తీసుకుని వండుతుంది. కూలికి పోయే స్త్రీ తెల్లవారకముందే వండి సద్ది కట్టుకుని పోతుంది, పొద్దుగూకాక వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగిస్తుంది. ఆ రెండు పూటలా ఆకాశంలో సూర్యుడు లేడు. పైగా అందులో రొట్టె కాలదు, పోపు వేగదు. ఆమె దినచర్య ఏమిటో అడగకుండా తయారుచేసిన వస్తువును ఆమె వాడకపోతే, ఆ తప్పును ఆమె వెనకబాటుతనం కింద రాశారు.

ఇక పైకప్పు సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పిఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల ప్యానెళ్ళకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తుంది. కాని సొంత ఇల్లు, ప్యానెళ్ళు మోయగలిగిన కప్పు, కరెంటు కనెక్షన్ వుండాలి. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. సబ్సిడీ బిగించిన తర్వాతే బ్యాంకు ఖాతాలో పడుతుంది కనుక ముందు చేతి డబ్బో, అప్పో వుండాలి. రేకుల ఇల్లు, పెంకుటిల్లు, గుడిసె, అద్దె ఇల్లు - వీటిలో బతికేవాళ్ళు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద తెల్లరేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. మంచిదే. అయితే బిల్లే లేని ఇంటికి ప్యానెళ్ళు పెడితే మిగిలేదేముంది? పెద్ద బిల్లు వచ్చే పెద్ద మేడకే ఎక్కువ లాభం. ఇంటి కాగితం విలువ ఈ ప్రాంతపు ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2024లో మూసీ ఒడ్డు బస్తీల్లో ఇళ్ళ గోడల మీద ఎర్రరంగు గుర్తులు వేసినప్పుడు దాన్ని మనం కళ్ళారా చూశాం.

పొలంలోనూ ఇదే కథ. 2019లో వచ్చిన పిఎం కుసుమ్ పథకంలో సోలార్ పంపుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తే మిగతా 40 శాతం రైతు భరించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వుంది, తెలంగాణలో 2018 నుంచి 24 గంటలూ ఇస్తున్నారు. లైను వున్న రైతు డబ్బు పెట్టి సోలార్ పంపు ఎందుకు కొంటాడు? దీన్ని చూపి ఉచిత విద్యుత్తు మీద విరుచుకుపడేవాళ్ళతో నేను ఏకీభవించను. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపుపై జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు ప్రాణాలు పోయాయి. ఉచిత విద్యుత్తు వెనక ఆ చరిత్ర వుంది. అసలు ప్రశ్న లైను అందని వాళ్ళది. అంటే గూడేలది, పెంటలది, పోడు భూములది.

ఆ దిశగా 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. అటవీ హక్కుల పట్టా వున్న గిరిజన రైతుల భూములకు బోరు, సోలార్ పంపు ఇవ్వడం దాని ఉద్దేశం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఈ పట్టా భార్యాభర్తలిద్దరి పేర ఉమ్మడిగా వుండాలి. మరి పంపు రికార్డులో ఎవరి పేరు రాస్తున్నారు? మనం ఊరూరా అడగవలసిన ప్రశ్న ఇది. ఎందుకంటే మైదాన ప్రాంతంలో పరిస్థితి మనకు తెలుసు. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద స్త్రీల పేర వున్న కమతాలు దాదాపు 14 శాతమే. ఆడపిల్లలకు సమాన వాటా చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే అమలులోకి వచ్చినా, పసుపు కుంకుమల పేరు చెప్పి సంతకం పెట్టించుకోవడం ఆగలేదు.

నిర్వహణను కూడా మరవవద్దు. ప్యానెల్ పాతికేళ్ళు పనిచేస్తుంది కాని బ్యాటరీ కొన్నేళ్ళకే పోతుంది. కొత్తది కొనే డబ్బు, బాగుచేసే మనిషి ఊళ్ళో లేకపోతే ప్రారంభోత్సవపు దీపం చీకటి స్తంభమై మిగులుతుంది. ప్యానెల్ మీద దుమ్ము తుడవడం, దానికి నీళ్ళు మోయడం ఎవరి పని అవుతుందో మీకు తెలుసు. దానికి కూలీ వుండదు, లెక్కా వుండదు. జీతం వచ్చే మెకానిక్ పని మాత్రం మగవాళ్ళకు పోతుంది. ఇది ప్రకృతి నియమం కాదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో, బేర్‌ఫుట్ కాలేజీలో, చదువు రాని స్త్రీలు సోలార్ పరికరాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకున్నారు. ఆఫ్రికా దేశాల పల్లెల నుంచి నడివయసు స్త్రీలు వచ్చి నేర్చుకుని వెళ్ళారు.

ఇప్పుడు మన ముందున్న అతి పెద్ద విషయానికి వస్తాను. 2025లో తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ ప్లాంట్లు పెట్టించే కార్యక్రమం చేపట్టింది. ఇక్కడ మొదటిసారిగా కాగితం మీద స్త్రీల పేరు వుంటుంది. సంతోషమే. కాని ఏ కాగితం మీద? ఒక మెగావాట్ ప్లాంటుకు సుమారు 4 ఎకరాల భూమి, కోట్ల రూపాయల పెట్టుబడి కావాలి. అందులో ఎక్కువ భాగం బ్యాంకు అప్పే. అప్పు కాగితం మీద సంఘం సంతకం వుండి, యంత్రాల కొనుగోలు, నిర్వహణ, లెక్కలు కాంట్రాక్టరు చేతిలో వుంటే దాన్ని సాధికారత అనలేం. సంఘాల సంతకాలతో ఊళ్ళలో పరచుకున్న సూక్ష్మరుణాలు ఎంతమంది ప్రాణాలమీదికి తెచ్చాయో, 2010 అక్టోబరులో ఆర్డినెన్స్ తేవలసిన స్థితి ఎలా వచ్చిందో మనకు గుర్తుంది.

కనుక సంఘాల సభ్యులు సంతకం చేసే ముందు ఈ విషయాలు తేల్చుకోవాలి. ఒప్పందం తెలుగులో వుందా? అందులో యూనిట్ ధర ఎంత? డిస్కం డబ్బు ఆలస్యం చేస్తే కిస్తీ ఎవరు కడతారు? వడగళ్ళకు ప్యానెళ్ళు పగిలితే బీమా ఎవరిది? భూమి ఎవరిది, దాని మీద ఇంతకాలం కూలి చేసినవాళ్ళ, మేకలు మేపుకున్నవాళ్ళ గతేమిటి?

1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల స్త్రీలకు వాళ్ళ పేరు మీదనే గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. తలచుకుంటే స్త్రీ పేర కాగితం ఇవ్వడం ప్రభుత్వానికి కష్టం కాదని అప్పుడే రుజువయింది. అయితే సిలిండరు నింపించే ఖర్చు భరించలేక చాలామంది తిరిగి కట్టెలకే పోయారు. పేరు ఒక్కటే చాలదనీ అప్పుడే తెలిసింది.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా వుండాలి. ఇల్లు, భూమి, పంపు, కనెక్షన్ - అన్నిటికీ ఉమ్మడి పేర్లు, ఒంటరి స్త్రీకి ఆమె పేరే. పేదలకు సబ్సిడీ ముందుగానే. ప్రతి మండలంలో శిక్షణ పొంది జీతం తీసుకునే మహిళా మెకానిక్‌లు. సంఘాల ప్లాంట్ల లెక్కలు గ్రామసభలో బహిరంగంగా. వీటి మీద మీ మీ ఊళ్ళ అనుభవాలు కలిపి చర్చించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.